మాట రానివారి మాట

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "డి.ఆర్. బకాయిల గురించీ, వైద్యం బిల్లుల గురించీ మాట్లాడేవాళ్లు ఐదుగురున్నారు. మీరు కాస్త వేరే విషయం ఏదైనా చెప్పండి. ఆడవాళ్లు కూడా వస్తున్నారు" అన్నారు. ఒక సినిమా గురించి మాట్లాడతానంటే సంతోషించారు. ఆ సినిమాలో నాయిక ఆఫీసు ఊడ్చే మనిషి అనీ, నాయకుడు చేపలాంటి ప్రాణి అనీ చెప్పేసరికి కాసేపు నా ముఖంలోకి చూసి, "సరే, మిమ్మల్ని భోజనాలకు ముందు పెడతాను, ఎవరూ లేచి వెళ్లరు" అన్నారు. అందుచేత మీరంతా ఇప్పుడు నా చేతిలో ఉన్నారు.

డిసెంబరు 17 మనకు ఎందుకు పండుగో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను సర్కారువారి దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చింది. దయ, హక్కు అనే ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. తిరిగి తిరిగి చివరకు అక్కడికే వస్తాను.

సినిమా పేరు 'ది షేప్ ఆఫ్ వాటర్'. నీటి ఆకారం అని చెప్పుకోవచ్చు. నీటికి సొంత ఆకారం లేదు, చెంబులో పోస్తే చెంబు, బిందెలో పోస్తే బిందె. ప్రేమ కూడా అంతేనని ఆ పేరులోని భావం. 2017లో వచ్చింది. తీసినవారు గిలెర్మో డెల్ టోరో. మెక్సికో దేశంలో గ్వాదలహారా నగరంలో 1964లో పుట్టిన మనిషి. ఆ ఏడాది వెనిస్ చలనచిత్రోత్సవంలో పెద్ద బహుమతి అయిన గోల్డెన్ లయన్ వచ్చింది. మరుసటి ఏడాది మార్చిలో 13 ఆస్కార్ నామినేషన్లలో 4 గెలిచింది. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, కళాదర్శకత్వం, సంగీతం. దాదాపు 2 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచం మొత్తం మీద 19 కోట్ల పైచిలుకు వసూలు చేసింది. బహుమతి అందుకుంటూ ఆయన మొట్టమొదట చెప్పుకున్న సంగతి, తాను వలస వచ్చినవాడినని.

ఈ సినిమా నేను చూడటం వెనుక మా మనవరాలు ఉంది. దసరా సెలవులకు వచ్చింది. నా చెవులు ఇప్పుడు అంతంతమాత్రం అని మీకు తెలుసు. టీవీ పెడితే పక్కింటివాళ్లు కూడా వినాలి. "తాతయ్యా, ఇందులో హీరోయిన్ మాట్లాడదు, హీరో కూడా మాట్లాడడు, మిగతావాళ్ల మాటలు కింద అక్షరాల్లో పడతాయి. నీ చెవి మిషను తీసి పక్కన పెట్టుకుని చూడు" అని తన కంప్యూటరులో పెట్టి ఇచ్చింది. "నువ్వు కూర్చోవా అమ్మా?" అంటే, "కొన్ని సీన్లు నీ పక్కన కూర్చుని చూసేవి కావు. అమ్మమ్మా నువ్వూ చూడండి" అని లోపలికి వెళ్లిపోయింది. నిజమే. అది పెద్దవాళ్ల సినిమా. మీరు చూడదలిస్తే పిల్లలు నిద్రపోయాక చూడండి.

ఇక కథ. అమెరికాలో బాల్టిమోర్ నగరం, 1962వ సంవత్సరం. అమెరికాకూ రష్యాకూ మధ్య పోటీ మహా తీవ్రంగా ఉన్న రోజులు. ఎవరు ముందు అంతరిక్షంలో ఎంత దూరం పోతారా అని చూస్తున్న కాలం. ఆ ఊళ్లో ప్రభుత్వానికి ఒక రహస్య పరిశోధనశాల. అందులో రాత్రి డ్యూటీలో నేల తుడిచే ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె ఎలైసా. పసిగుడ్డుగా ఉన్నప్పుడే నది ఒడ్డున దొరికిన అనాథ. మెడకు రెండు పక్కలా గాయాల చారలు. చెవులు వినిపిస్తాయి గాని నోట మాట లేదు. చేతి సైగలతో మాట్లాడుతుంది. రెండో ఆమె జెల్డా, నల్లజాతి స్త్రీ. ఎలైసా సైగలను పైవాళ్లకు నోటితో చెప్పేది ఈమే. ఎలైసా పాత్రను శాలీ హాకిన్స్, జెల్డా పాత్రను ఆక్టేవియా స్పెన్సర్ వేశారు.

ఎలైసా ఒక సినిమా హాలు పైన చిన్న వాటాలో ఉంటుంది. పక్క వాటాలో జైల్స్ అని ఒక ముసలి చిత్రకారుడు. వ్యాపార ప్రకటనలకు బొమ్మలు వేసి బతికినవాడు. ఉద్యోగం పోయింది. బొమ్మల స్థానంలో ఫొటోలు వచ్చేస్తున్నాయి. వేసిన బొమ్మ పట్టుకుని పాత ఆఫీసుకు వెళితే లోపల కూర్చోబెట్టే నాథుడు లేడు. పైగా ఆయన పురుషుణ్ణి ప్రేమించే స్వభావం కలవాడు. ఆ రోజుల్లో అక్కడ అది నేరం, బయటపడితే జీవితం వీధిపాలు. పింఛను లేదు, సంఘం లేదు, పలకరించే దిక్కు ఈ మూగపిల్ల ఒక్కతే. పాత పాటల సినిమాలు ఇద్దరూ కలిసి టీవీలో చూస్తారు. రిచర్డ్ జెంకిన్స్ అనే నటుడు ఆ పాత్ర వేశాడు. మనందరికీ తెలిసిన మనిషిలా ఉన్నాడు.

ఒకరోజు పరిశోధనశాలకు పెద్ద నీళ్ల తొట్టె వస్తుంది. అందులో ఒక జలపురుషుడు. దక్షిణ అమెరికాలోని నదిలో పట్టుకొచ్చారు. ఒళ్లంతా పొలుసులు, మెడకు మొప్పలు, మనిషిలా రెండు కాళ్ల మీద నిలబడతాడు. అక్కడివాళ్లు అతన్ని దేవుడిగా కొలిచారట. మత్స్యావతారాన్ని కొలిచిన మనకు అది వింతేమీ కాదు. అతన్ని పట్టి తెచ్చిన అధికారి పేరు స్ట్రిక్లండ్. చేతిలో పశువులను అదిలించే కరెంటు కర్ర. ఆ ప్రాణి ఇతని రెండు వేళ్లు కొరికేస్తుంది. ఇతను దాన్ని హింసిస్తాడు. పై అధికారి అయిన జనరల్, దాన్ని కోసి చూడమని ఆర్డరు వేస్తాడు.

ఈలోగా ఎలైసా ఏం చేస్తుంది? తన టిఫిను డబ్బాలోంచి ఒక ఉడికించిన కోడిగుడ్డు తీసి తొట్టె అంచు మీద పెడుతుంది. చేత్తో సైగ చేసి చూపిస్తుంది, ఇది గుడ్డు అని. మర్నాడు మళ్లీ. ఆ తర్వాత గ్రామఫోను రికార్డులు తెచ్చి పాట వినిపిస్తుంది. కొన్నాళ్లకు అతను కూడా చేత్తో సైగ చేస్తాడు. శాస్త్రజ్ఞులు, సైనికాధికారులు అంతమంది ఉండి కనుక్కోలేని విషయం, అంటే ఆ ప్రాణికి భాష వస్తుందని, నేల తుడిచే మనిషి ఒక కోడిగుడ్డుతో కనుక్కుంది.

ఇక్కడ మా ఆవిడ అన్న మాట మీకు చెప్పకపోతే ఇంటికి వెళ్లాక నాకు అన్నం దొరకదు. తెర మీద అతను నీళ్లలోంచి తల ఎత్తి ఆమె చేతులవంకే చూస్తున్నాడు. మా ఆవిడ అంది, "నలభై ఏడేళ్ల నుంచీ నోటితో మాట్లాడుతున్నాను, మీరు పేపర్లోంచి తల ఎత్తరు. ఆ చేప నయమండీ." నేను మాట్లాడలేదు. మిషను పెట్టుకోలేదు కదా, వినపడనట్టు ఊరుకున్నాను.

మిత్రులారా, మనది ఆఫీసు జీవితం. నేను 1974లో గుమాస్తాగా చేరి 35 ఏళ్లు కాగితాల మధ్య గడిపినవాణ్ణి. అందుకని ఈ సినిమాలో నన్ను అన్నిటికంటే పట్టుకున్నది ఆ ప్రేమ కాదు, ఆ ఆఫీసు. అంత రహస్యమైన చోటు. గుమ్మానికి గుమ్మానికి కాపలా. కాని ఎలైసా, జెల్డా బకెట్టూ తుడుపుకర్రా తీసుకుని లోపలికి ఎలా పోగలిగారు? ఎందుకంటే వాళ్లను ఎవరూ మనుషుల లెక్కలో వేయలేదు గనుక. ఆ ప్రాణి మాయమయ్యాక స్ట్రిక్లండ్ వాళ్లిద్దర్నీ ప్రశ్నిస్తూ, పాకీ పని చేసేవాళ్లను అడుగుతున్నానేమిటి నేను అని తనను తానే విసుక్కుంటాడు. ఇది తుపాకులు పట్టిన ముఠా పని అని నమ్ముతాడు. చివరకు ఒక శాస్త్రజ్ఞుడు చనిపోతూ నిజం బయటపెడతాడు. అది ముఠా కాదు, పేర్లూ హోదాలూ లేని మనుషులు, ఊడ్చి తుడిచేవాళ్లు అని.

మా ఆఫీసులో ఒక ఆమె ఉండేది. పార్ట్ టైం స్వీపరు, కంటింజెన్సీ కింద జీతం. కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు రాసే రోజుల్లో ఆఫీసరుగారు గుమాస్తాలనందరినీ బయటికి పంపి తలుపు వేయించేవారు. సూపరింటెండెంటుగారూ ఆయనా లోపల గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఆమె మాత్రం అదే గదిలో బల్ల కింద ఊడుస్తూ ఉండేది. ఎవరికి ఏ రిమార్కు పడిందో మా అందరికంటే ముందు ఆమెకు తెలుసు. ఆమెకు చెవులున్నాయని వాళ్లకు తోచలేదు. నాకూ తోచలేదు. నెలనెలా అక్విటెన్స్ రోలులో ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నది నేనే. ఆ బొటనవేలు బాగా గుర్తుంది. ముఖం గుర్తు తెచ్చుకోబోతే రావడం లేదు.

మళ్లీ కథలోకి వస్తాను. కోసేస్తారని తెలిశాక ఎలైసా అతన్ని తప్పించాలనుకుంటుంది. సాయం కోసం జైల్స్ దగ్గరికి పోతుంది. ఈ చిత్రంలో నా లెక్క ప్రకారం ముఖ్యమైన ఘట్టం ఇది. ముసలాయన భయపడతాడు. అది మనిషి కూడా కాదు కదా, మనకెందుకు అంటాడు. అప్పుడు ఆమె ఆయన్ని నిలబెట్టి, నేను చేతులతో చెప్పేది నువ్వు నోటితో పైకి చెప్పు అని పట్టుబడుతుంది. ఆమె సైగ చేస్తుంది, ఆయన పలుకుతాడు. అతను నన్ను చూసినప్పుడు నాలో ఏది లేదో అది చూడడు, నన్ను నేనుగా చూస్తాడు, ఇప్పుడు మనం ఊరుకుంటే మనమూ మనుషులం కాదు అనేది ఆ మాటల సారాంశం. తన నోటితో ఆమె మాటలు పలుకుతుంటే ఆ ముసలాయన గొంతు మారిపోతుంది. అయినా ఆ పూటకు కాదనే వెళ్లిపోతాడు.

అదే పూట ఆయనకు రెండు దెబ్బలు తగులుతాయి. బొమ్మ పట్టుకుని పాత ఆఫీసుకు వెళితే మొహం చాటేస్తారు. రోజూ వెళ్లే మిఠాయి కొట్టులో, తాను అభిమానించిన కుర్రవాడు అసహ్యించుకుని ఇక రావద్దంటాడు. అదే కుర్రవాడు అప్పుడే లోపలికి వచ్చిన నల్లజాతి దంపతులను ఖాళీ కుర్చీలున్నా కూర్చోనివ్వకుండా పంపేస్తాడు. అమెరికాలో హోటళ్లలోనూ హాళ్లలోనూ ఇటువంటి వివక్షను నిషేధిస్తూ పౌరహక్కుల చట్టం వచ్చింది 1964లో. ఈ కథ దానికి రెండేళ్ల ముందుది. ముసలాయన ఇంటికి తిరిగి వచ్చి, నేనేం చేయాలో చెప్పు అంటాడు. దొంగ గుర్తింపు కార్డు తయారు చేసి, లాండ్రీ బండి తానే తోలుకుని వెళతాడు. జెల్డా సాయం చేస్తుంది. రష్యావాళ్ల గూఢచారిగా వచ్చిన శాస్త్రజ్ఞుడు కూడా, తన పెద్దలు చంపమని చెప్పినా వినకుండా వీళ్ల పక్షమే చేరతాడు. మూగమనిషి, నల్లజాతి స్త్రీ, ఉద్యోగం పోయిన ముసలాయన, పరాయి దేశస్థుడు. ఎవరికి వారు బయటివాళ్లే. ఆ బయటివాళ్లందరూ కలిసి మరో బయటివాణ్ణి కాపాడారు.

అతన్ని తెచ్చి స్నానాల తొట్టెలో, ఉప్పు కలిపిన నీళ్లలో దాస్తారు. వానలు పడి కాలువ నిండితే సముద్రం వైపు వదలాలని వాళ్ల ఆలోచన. ఈ రోజుల్లోనే వాళ్లిద్దరి మధ్య ప్రేమ ముదురుతుంది. ఒకరోజు గది తలుపు సందులకు తువ్వాళ్లు కుక్కి, కుళాయి తిప్పి, గదంతా నీళ్లతో నింపేస్తుంది ఎలైసా. నీళ్లు కింద సినిమా హాల్లోకి కారతాయి. ఇంటి యజమాని గోల. అద్దె ఇళ్లలో బతికిన మనకు ఆ భయం తెలుసు.

ఇది తీసినాయనకు ఈ ఊహ చిన్ననాడే కలిగిందట. 1954లో హాలీవుడ్లో ఇటువంటి జలప్రాణి మీద 'క్రియేచర్ ఫ్రం ది బ్లాక్ లగూన్' అని ఒక భయానక చిత్రం వచ్చింది. అందులో ఆ ప్రాణి నీళ్లలో ఈదుతున్న అమ్మాయిని చూసి ఇష్టపడుతుంది. జనం దాన్ని కాల్చేస్తారు. చిన్నప్పుడు అది చూసి, వాళ్లిద్దరూ కలిస్తే బాగుండునని ఈయన అనుకున్నాడట. ఆ కోరికే పెద్దయ్యాక ఇలా తీర్చుకున్నాడు.

మనకు ఇలాంటి కథలు లేవా అంటే ఉన్నాయి. 1961లో కె.వి. రెడ్డిగారి 'జగదేకవీరుని కథ' వచ్చింది. నాకు పదేళ్లు. మా నాన్నగారి భుజం మీద కూర్చుని వెళ్లే వయసు దాటిపోయినా కూర్చునే వెళ్లాను. ఇంద్రకుమారి మొదలుకొని నలుగురు కన్యలను రామారావుగారు చేపట్టారు. లోకాలు వేరైనా ప్రేమ కుదురుతుందని మనకూ తెలుసు. ఒక్క తేడా ఉంది. మన కథల్లో ఒక పక్క రాకుమారుడు, మరో పక్క దేవకన్య. ఇద్దరూ అందగాళ్లే, ఇద్దరూ గొప్పింటివాళ్లే. ఈ సినిమాలో ఒక పక్క నెలజీతపు పనిమనిషి, మరో పక్క పొలుసులున్న ప్రాణి. ఇద్దరిలో ఎవరూ శాపవిమోచనం జరిగి అందగాడుగానో అందగత్తెగానో మారరు. అతను చివరి దాకా చేపే.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇది చెప్పడానికే ఈ సినిమాను ఎంచుకున్నాను.

జూన్ నెలలో ఒకరోజు నేను మన సంఘ కార్యాలయంలో దరఖాస్తులు నింపే బల్ల దగ్గర ఉన్నాను. మనలో ఒక మిత్రుడు చాలా ఏళ్ల కిందట కాలం చేశారు. పేరు చెప్పను. ఆయన భార్యకు కుటుంబ పింఛను వస్తూ ఉండేది. ఆవిడ కూడా వేసవిలో పోయారు. వాళ్లకు నలభై ఏళ్లు దాటిన కూతురుంది. పుట్టుచెవుడు, మాట రాదు. పెళ్లి కాలేదు. అంగవైకల్యం వల్ల సంపాదించుకోలేని సంతానానికి కుటుంబ పింఛను జీవితాంతం ఇచ్చే నిబంధన ఉందని మనకు తెలుసు. దాని కోసం ఆ అమ్మాయిని తీసుకుని తమ్ముడు వచ్చాడు.

నేను అతన్ని కూర్చోమన్నాను. రెండో కుర్చీ ఖాళీగానే ఉంది, ఆమెను కూర్చోమనలేదు. ఆమె నిలబడే ఉంది. ఫారం తీశాను. పేరు, పుట్టిన తేదీ, తల్లి చనిపోయిన తేదీ, అన్నీ తమ్ముణ్ణి అడుగుతున్నాను, అతను చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. సంరక్షకుడు అనే గడి వచ్చింది. అడగనైనా అడగకుండా తమ్ముడి పేరు రాసేశాను. బ్యాంకు ఖాతా నెంబరు అంటే అతను తన ఖాతా పుస్తకం ఇచ్చాడు. "ఆమెకు ఏమీ తెలియదు కదా బాబూ" అన్నాను. అతను చెడ్డవాడు కాదు. "ఏమీ తెలియదండీ బాబాయిగారూ, అన్నీ నేనే చూసుకోవాలి" అన్నాడు. అంతవరకూ వాళ్లింట్లో అలాగే జరిగింది, అందుకని అలాగే అన్నాడు.

అప్పుడు ఆ అమ్మాయి వంగి నా బల్ల మీది పెన్ను తీసుకుంది. ఆడుకోవడానికి తీసుకుందనుకుని నేను వెనక్కి లాక్కోబోయాను. ఈ మాట ఇంతమంది ముందు చెప్పడం నాకు సులువు కాదు. ఆమె నా చెయ్యి తప్పించి, ఫారం మీద తల్లి చనిపోయిన తేదీని చుట్టి, సంచిలోంచి మరణ ధ్రువీకరణ పత్రం తీసి పక్కన పెట్టింది. తమ్ముడు చెప్పిన తేదీ తప్పు. రెండు రోజులు తేడా. తర్వాత ఒక తెల్లకాగితం లాక్కుని గుండ్రని అక్షరాలతో రాసింది: "నేను పది పాసయ్యాను. సంతకం నేనే చేస్తాను. నన్ను అడగండి."

ముప్పై అయిదేళ్లు ఇతరుల బిల్లుల్లో తప్పులు పట్టి కొర్రీలు వేసినవాణ్ణి. నా కాగితం మీద కొర్రీ వేసింది ఆ అమ్మాయి. అదీ న్యాయమైన కొర్రీ.

ఇంకో ఫారం తీసి మొదటినుంచీ రాశాను. ప్రశ్న కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టడం, ఆమె జవాబు రాయడం. గంట పట్టింది. సంరక్షకుడి గడిలో గీత గీశాము. తమ్ముడు కాసేపు ముభావంగా ఉన్నాడు. తర్వాత అతనే ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి ఆమె పేర ఖాతా తెరిపించాడు. ఆ దరఖాస్తు ఒకసారి వైద్య ధ్రువీకరణ సరిపోలేదని తిరిగి వచ్చింది. మళ్లీ పంపించాము. ఇంకా మంజూరు కాలేదు. ఆ అమ్మాయి ప్రతి నెలా మొదటి వారంలో వచ్చి, నా ముందు కూర్చుని, కాగితం మీద ఒకే ఒక్క ప్రశ్నార్థకం వేసి చూపిస్తుంది.

ఈ సంగతి జరిగిన కొన్ని నెలలకు నేను ఆ సినిమా చూశాను. ముసలాయన నిలబడి, ఆ మూగమనిషి చేతులు చెప్పేదాన్ని తన నోటితో పలుకుతుంటే, నాకు నా బల్లా, ఆ ఖాళీ కుర్చీ కనిపించాయి. స్ట్రిక్లండ్ చేతిలో ఉన్నది కరెంటు కర్ర, నా చేతిలో ఉన్నది పెన్ను. చూడకపోవడంలో మాత్రం ఇద్దరమూ ఒకటే. అతనిది క్రూరత్వం, నాది జాలి. ఆ జాలి వల్ల ఆ అమ్మాయి పింఛను ఇంకొకరి ఖాతాలోకి పోబోయింది. అందుకే మొదట్లో దయ, హక్కు అనే రెండు మాటలు గుర్తుంచుకోమన్నాను. మన పింఛను దయ కాదు, హక్కు అని ఊరేగింపులు తీసిన మనమే, మన మిత్రుడి బిడ్డ వచ్చి నిలబడితే దయ చూపించి పంపబోయాము.

కథ ముగింపు చెబుతాను. వాన కురిసే రాత్రి కాలువ ఒడ్డున స్ట్రిక్లండ్ ఇద్దర్నీ కాలుస్తాడు. జలపురుషుడు లేచి తన గాయాలు తానే మాన్పుకుంటాడు. స్ట్రిక్లండ్ అతని చేతిలో చస్తాడు. ఎలైసాను ఎత్తుకుని నీళ్లలోకి దూకుతాడు. నీళ్ల అడుగున అతను తాకగానే, ఆమె మెడ మీది ఆ పాత గాయాల చారలు మొప్పలుగా విచ్చుకుంటాయి. ఆమె ఊపిరి పీలుస్తుంది. ఈ కథంతా మనకు చెప్పేది ఆ ముసలి చిత్రకారుడే. కాబట్టి నిజంగా అలా జరిగిందా, ఆయన కోరుకున్నాడా అనేది ఎవరికి వారు తేల్చుకోవచ్చు. మా ఆవిడ జరిగిందనే అంటోంది.

నాకు తోచింది ఇది. ఆ చారలు ఆమెకు పసితనం నుంచీ ఉన్నాయి. అందరూ వాటిని గాయాలనుకున్నారు, ఆమె కూడా అనుకుంది. సరైన నీళ్లు తగిలాక తెలిసింది, అవి ఊపిరి తీసుకునే చోట్లని. ఆ అమ్మాయి చేతిరాత కూడా ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఉంది. పెన్ను ఇచ్చినవాడు లేడు. నేనూ ఇవ్వలేదు, ఆమే తీసుకుంది.

చివరగా ఈ సభకు రెండు మనవులు. మొదటిది, మన కార్యాలయానికి ఎవరు వచ్చినా, పింఛను ఎవరిదో వాళ్లనే ముందు కూర్చోబెట్టి, వాళ్లనే అడుగుదాం. వినపడకపోతే రాసి అడుగుదాం. రాయడం రాకపోతే సైగ తెలిసినవాళ్లను పిలుద్దాం. మన దేశపు సంజ్ఞా భాషకు ఢిల్లీలో 2015లో కేంద్ర ప్రభుత్వం ఒక పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టింది. 2018లో 3,000 పదాలతో ఆ భాషకు నిఘంటువు తెచ్చింది. 2021 నాటికి అది 10,000 పదాలకు పెరిగింది. వాటిలో పది సైగలు మనం నేర్చుకోలేమా? నమస్కారం, కూర్చోండి, సంతకం, పింఛను, వచ్చే నెల. "వచ్చే నెల" అనే సైగ తొందరగా మరిచిపోయే రోజు రావాలని కోరుకుందాం. పైగా మనలో సగం మందికి ఇప్పటికే చెవి మిషన్లున్నాయి. ఆ పది సైగలు రేపు మన ఇళ్లలోనే అక్కరకు వస్తాయి.

రెండో మనవి, మన సభ్యులలో ఇలాంటి బిడ్డలున్నవారు ఇంకా ఉంటారు. మనం పోయాక వాళ్ల సంగతి ఏమిటని రాత్రిళ్లు నిద్రపట్టనివారున్నారు, నాకు తెలుసు. మీరుండగానే వాళ్ల పేర్లు మీ పింఛను కాగితాల్లో చేర్పించండి, వైద్య ధ్రువీకరణ తీసుకోండి, వాళ్ల పేర ఖాతా తెరవండి. వాళ్లకు సంతకం వస్తే వాళ్ల చేతే చేయించండి. ఫారాలు నింపడానికి సోమవారం, గురువారం నేను బల్ల దగ్గరే ఉంటాను. ఇప్పుడు ఆ బల్లకు అవతల రెండు కుర్చీలున్నాయి.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, వంటవాళ్లు నా వంక చూస్తున్నారు. సెలవు.